ఆయిలు దీపము చెప్పు సాక్ష్యము
పాత కారు ఇంజనులో ఆయిలు సెన్సారులను గుర్తించి మార్చు విధము

మన సంఘముల సభ్యులలో పలువురు పాత కార్లను, జీపులను వాడుకొనుచున్నారు. కూరగాయల బుట్టలు సంతకు చేర్చుటకును, ఎరువుల బస్తాలు తెచ్చుకొనుటకును, వేళగాని వేళ రోగిని ఆసుపత్రికి గొనిపోవుటకును అవి యుపయోగపడుచున్నవి. అంబాసిడరు కారు తయారగుట 2014 లో నిలిచిపోయినది. మారుతి 800 కూడ ఆ యేటనే నిలిచిపోయినది. అయినను ఆ బండ్లింకను మన పల్లెత్రోవలలో కానవచ్చుచునే యున్నవి. కర్మాగారము చేయుట మానిన బండికి యజమానియే సగము వైద్యుడు కావలసియుండును.

ఇట్టి బండ్లను గూర్చి సభ్యులు మమ్ము తరచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు. “ఆయిలు దీపము ఎఱ్ఱగా వెలుగుచున్నది, ఇంజను చెడినదా, లేక దీపమునకు వార్త నంపు పరికరము చెడినదా?” అని. ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక నున్న ధనము చిన్నది కాదు. పరికరము చెడినచో ఖర్చు కొన్ని వందల రూపాయలు. ఇంజను చెడినచో వేలకు వేలు. ఏది నిజమో తేల్చకయే ఇంజనును విప్పించువారు కొందఱు. ఆ దీపము కన్నులలో గ్రుచ్చుకొనుచున్నదని దాని తీగను కోసివేయువారు మఱికొందఱు. ఈ రెండును నష్టమార్గములే. దీపము ఒక సాక్షి వంటిది. సాక్షి నోరు నొక్కరాదు. సాక్షి చెప్పినంత మాత్రమున శిక్షయు విధింపరాదు. విచారించి పిమ్మట తీర్పు చెప్పవలెను. ఆ విచారణ యెట్లు చేయవలెనో ఈ వ్యాసమున వివరింతుము.

ఒత్తిడి ఏల కావలెను

ఇంజను అడుగున చమురు నిలుచు తొట్టి యొకటి కలదు. మెకానిక్కులు దానిని చాంబరు అందురు. ఇంజను తిరుగునపుడు చిన్న పంపు ఆ చమురును పీల్చి, ఫిల్టరు గుండ త్రోసి, ఇంజను దిమ్మెలో తొలిచిన ప్రధాన కాలువలోనికి పంపును. అచటినుండి సన్నని పిల్లకాలువల ద్వారా అది క్రాంకు షాఫ్టు బేరింగులకును, తక్కిన కదులు భాగములకును చేరును.

షాఫ్టు, బేరింగు ఒకదానినొకటి తాకి తిరుగుచున్నట్లు మనకు తోచును గాని, నిజమునకు ఆ రెంటి నడుమ పలుచని చమురు పొర యుండును. 1883 లో బ్యూషాంప్ టవర్ అను ఆంగ్ల ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులను పరీక్షించుచు, బేరింగు పైభాగమున నున్న రంధ్రమును కొయ్యబిరడాతో మూసెను. షాఫ్టు తిరుగుచుండగా లోపలి చమురు ఆ బిరడాను వెలుపలికి నెట్టివేసెను. తిరుగు షాఫ్టే చమురును తన క్రిందికి లాగికొని, గొప్ప ఒత్తిడిని పుట్టించి, ఆ పొరపై తేలుచున్నదని దీనివలన తెలిసినది. 1886 లో ఆస్బర్న్ రేనాల్డ్సు దీనికి గణితశాస్త్ర రీతిని కారణము చూపెను.

పంపు చేయవలసిన పని ఆ పొరకు ఎడతెగక చమురు నందించుటయే. పైకాలువలో నీరు తగ్గినచో ముందుగా ఎండునది చివరి పొలము గదా! అట్లే ఒత్తిడి పడిపోయినచో దూరపు బేరింగుల యందు పొర తెగును. లోహము లోహమును రాచుకొనును. బేరింగు పెంకులకు పూసిన మెత్తని లోహము కొన్ని నిమిషములలోనే అరిగి కరిగిపోవును. కాలువ గట్టునకు గండ్లు పడినచో నీటిమట్టము నిలువనట్లు, అరిగిన బేరింగుల సందులనుండి చమురు త్వరగా జారిపోవుటచేత ఒత్తిడి మఱింత తగ్గును. కావున ఒత్తిడి తగ్గుట రోగమునకు కారణమును కావచ్చును, లక్షణమును కావచ్చును.

పరికరములను గుర్తించుట

పాత ఇంజనులపై చమురు వార్త నందించు సాధనములు ముఖ్యముగ నాలుగు తీరులుగ నుండును.

మొదటిది దీపపు స్విచ్చి. ఇది బొటనవ్రేలంత యుండును. క్రింద ఆరు పలకల ఇత్తడి లేక ఇనుప నట్టు, పైన నల్లని ప్లాస్టిక్కు తల, దానికి ఒకే తీగ. లోపల పలుచని పొర, దాని వెనుక స్ప్రింగు ఉండును. ఒత్తిడి లేనపుడు స్ప్రింగు కొనలను కలిపియుంచును, విద్యుత్తు స్విచ్చి శరీరము ద్వారా ఇంజను లోహమునకు, అనగా ఎర్తుకు, పోవును, దీపము వెలుగును. ఒత్తిడి వచ్చినపుడు పొర పైకి నెట్టబడి కొనలు విడిపోవును, దీపము ఆరును. ఇది విడిపోవుట సాధారణముగ చదరపు అంగుళమునకు 3 మొదలు 8 పౌనుల ఒత్తిడి నడుమ జరుగును. ఈ యంకెను సభ్యులు మనసున నుంచుకొనవలెను. దీపము ఆరినదనగా ఒత్తిడి ఆ కొద్దిపాటి మేర దాటినదనియే అర్థము. వేగముగ పోవు బండికి చాలినంత యున్నదని కాదు.

రెండవది గేజి పంపరి. దీనిని సెండరు అందురు. ఇది స్విచ్చికంటె లావుగ, చిన్న డబ్బా ఆకారమున నుండును. దీనిలో నిరోధము ఒత్తిడిని బట్టి మారును. ఆ మార్పు ననుసరించి డాష్‌బోర్డుపై ముల్లు కదలును. విస్తారముగ వాడుకలో నున్న ఒక రకమున ఈ నిరోధము 10 మొదలు 180 ఓముల వఱకు మారును. కొన్నింటికి రెండు తీగలుండును. ఒకటి ముల్లునకు, రెండవది దీపమునకు. స్విచ్చికి బదులు సెండరును గాని, ఒక గేజికి చెందిన సెండరును వేఱొక గేజికి గాని బిగించినచో ముల్లు అబద్ధమే చెప్పును.

మూడవది తీగ లేని గేజి. ఇంజనునుండి సన్నని రాగి గొట్టము గాని నైలాను గొట్టము గాని నేరుగ డాష్‌బోర్డునకు పోవును. దానిలో చమురే ప్రయాణించును. గేజి వెనుక వంపు తిరిగిన లోహపు గొట్టము ఒత్తిడికి కొంచెము చాపుకొని ముల్లును త్రిప్పును. 1849 లో ఫ్రెంచివాడగు యూజీన్ బూర్డాను పేటెంటు పొందిన యుపాయ మిదియే. దీనిలో విద్యుత్తు పని లేదు గావున అబద్ధము తక్కువ. గొట్టము పగిలినచో మాత్రము వేడి చమురు లోపల కూర్చున్నవారి కాళ్లపై చిమ్మును. గొట్టము బీటలను ఏటేట చూచుకొనవలెను.

నాలుగవది మట్టపు సెన్సారు. ఇది కొంత తరువాతి కార్లలో మాత్రమే కలదు. చాంబరు ప్రక్కన గాని అడుగున గాని అమర్చబడి, చమురెంత యున్నదో చెప్పును, ఒత్తిడిని చెప్పదు. తక్కిన బండ్లలో మట్టము చెప్పునది డిప్ స్టిక్కు అను కొలపుల్ల యొక్కటే.

వీనితో కలిసిపోవు మఱియొక పరికరము కలదు. నీటి వేడిని చెప్పు సెన్సారు కూడ ఇత్తడి నట్టుతో, ఒకే తీగతో నుండును. అయితే అది రేడియేటరు గొట్టములు కలియు చోట, ఇంజను తలయందు నుండును. ఆయిలు స్విచ్చి సాధారణముగ ఫిల్టరు బిగించు దిమ్మెపై గాని, ఇంజను ప్రక్కన ప్రధాన కాలువ నంటి గాని యుండును. పైనుండి కానరానిచో ఫిల్టరును కనుగొని దాని చుట్టును చేతితో వెదకవలెను. తీసిన రంధ్రమునుండి నీరు వచ్చినచో తప్పు పరికరమును తీసినట్లే.

విచారించు క్రమము

ప్రయాణమున దీపము వెలిగినచో చేయవలసిన మొదటి పని ఇంజనును ఆపుట. తరువాతి ఊరి వఱకు పోవుదమను ఆలోచన పనికిరాదు. బండిని సమతలమున నిలిపి, కొన్ని నిమిషములు తాళి, కొలపుల్లను తుడిచి ముంచి చూడవలెను. చమురు క్రింది గీతకు దిగువ నున్నచో పరికరమునకు తప్పు లేదు. నూనె పోయవలెను, కారుచున్న చోటు వెదకవలెను. చాల ఇంజనులలో రెండు గీతల నడుమ సుమారు ఒక లీటరు పట్టును. నూనె పలుచనై డీజిలు లేక పెట్రోలు వాసన కొట్టినను, మట్టము పోయకయే పెరిగినను, ఇంధనము దానిలో కలిసినదని యెఱుంగవలెను. ఇంజనునుండి దడదడ మను శబ్దము వచ్చుచున్నచో మఱల నడుపక లాగించుకొని పోవుటయే మేలు.

మట్టము సరిగా నున్నచో ఇంజను ఆపియే ఈ క్రింది పరీక్షలు చేయవచ్చును. ఇవి ఒకే తీగ గల పాత స్విచ్చికి చెందినవి.

1. తాళము త్రిప్పి ఇంజను నడుపకుండ చూడుడు. దీపము వెలుగవలెను. వెలుగనిచో స్విచ్చి తీగను ఊడదీసి ఇంజను యొక్క శుభ్రమైన లోహమునకు తాకింపుడు. అపుడు వెలిగినచో స్విచ్చి చెడినది. అప్పటికిని వెలుగనిచో బల్బు, ఫ్యూజు, తీగ వీనిలో నొకటి చెడినది. తాళము త్రిప్పగనే వెలుగని దీపము చచ్చిన కావలికుక్క వంటిది. అది ఆరియున్నదని సంతోషింపరాదు.

2. ఇంజను నడుచునపుడు దీపము ఆరకున్నచో, ఇంజను ఆపి, తాళము త్రిప్పియుంచి, స్విచ్చి తీగను ఊడదీయుడు. దీపము ఆరవలెను. ఆరనిచో తీగ యెక్కడనో ఒరసికొని లోహమునకు తగులుచున్నది. స్విచ్చిని మార్చిన ప్రయోజనము లేదు. ఆరినచో తీగ మంచిది. లోపము స్విచ్చిలోనో ఒత్తిడిలోనో కలదు. ఈ రెంటిలో నేదియో ఈ పరీక్ష చెప్పజాలదు.

3. స్విచ్చి తలను, తీగ కొనను తుడిచి చూడుడు. ప్లాస్టిక్కు తలనుండి చమురు ఊరుచున్నను, తీగ టోపీలో చమురు నిండియున్నను, లోపలి పొర చినిగినదని నిశ్చయము. ఇతర పరీక్షతో పని లేకుండ మార్చవలెను. చిన్న ఊట యని ఉపేక్షింపరాదు. ఆ పొర వెనుక నున్నది పంపు త్రోయు చమురు. పూర్తిగ తెగినచో దూర ప్రయాణమున చాంబరు ఖాళీ యగును.

4. ముల్లు గేజి యైనచో, తాళము త్రిప్పి, సెండరు తీగను ఊడదీసినపుడు ముల్లు ఒక కొనకును, క్షణకాలము లోహమునకు తాకించినపుడు రెండవ కొనకును పోవలెను. పోయినచో గేజి, తీగ మంచివి, సెండరునే అనుమానింపవలెను. తీగను లోహమునకు ఎక్కువసేపు తాకించియుంచినచో గేజి మాడిపోవచ్చును.

నిజమైన కొలత

రెండవ పరీక్షలో తేలని సందేహమును తేల్చునది పరీక్షా గేజి యొక్కటే. స్విచ్చిని తీసి, ఆ రంధ్రమున గొట్టము గల గేజిని బిగించి, ఇంజను బాగుగ వేడెక్కువఱకు నడిపి చూడవలెను. చల్లని చమురు చిక్కగా నుండి ఒత్తిడిని ఎక్కువగ చూపును గావున చల్లని ఇంజను కొలత నమ్మదగినది కాదు. ఆ బండి పుస్తకమున వ్రాసిన యంకెయే ప్రమాణము. పుస్తకము దొరకనిచో, నిమిషమునకు ప్రతి 1000 చుట్లకు చదరపు అంగుళమునకు సుమారు 10 పౌనులుండవలెనను వాడుక లెక్కను అనుసరింపవచ్చును. అనగా 2000 చుట్ల వేగమున 20 పౌనులకు తగ్గరాదు.

మా పర్యటనములలో ఈ రెండు విధములును చూచితిమి. ఒక సభ్యుని పాత కారులో, బండి నిలిచి ఇంజను మెల్లగ తిరుగునపుడెల్ల దీపము మినుకుమినుకు మనుచుండెను. ఒక వర్క్‌షాపువారు ఇంజను విప్పవలెనని చెప్పగా, ఆయన పంట సొమ్ము నందుకు కేటాయించుటకు సిద్ధపడెను. గేజి బిగించి చూడగా వేడి ఇంజనున కూడ ఒత్తిడి నిండుగ నుండెను. స్విచ్చి మార్చిన వెంటనే దీపము శాంతించినది. ఎలుక మీద కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనుట కొంచెములో తప్పినది. మఱియొక గ్రామమున ఒక జీపునకు దీపపు తీగను ఎవరో కోసివేసిరి. యజమానికి ఆ సంగతి తెలియదు. దీపము వెలుగుట లేదు గదా యని ధైర్యముగ నడుపుచుండెను. చమురు పంపు జాలి మడ్డితో మూసికొనిపోయి, బేరింగులు కరిగి, క్రాంకు షాఫ్టు గీతలు పడి, ఆ ఋతువున కూలీలకు చెల్లింపవలసిన ధనము మరమ్మతుకు పోయినది. మొదటివాడు దీపమును మితిమీరి నమ్మెను. రెండవవాని కది నోరులేని సాక్షి యయ్యెను. గేజి యుండి యుండినచో ఇద్దఱును ఒక పూటలో నిజము తెలిసికొనియుందురు.

మార్చు విధము

ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ ఎర్తు తీగను విప్పవలెను. స్విచ్చి చుట్టును మట్టిని, జిడ్డును బ్రష్షుతో శుభ్రపఱుపవలెను. ఏలయన ఆ రంధ్రమున పడిన ఇసుక రేణువు నేరుగ బేరింగులకు చేరును. ప్రక్కను ఒక గుడ్డ, క్రింద ఒక పాత్ర ఉంచవలెను. తీగను పట్టి లాగక, టోపీని పట్టి ఊడదీయవలెను. సరియైన కొలత గల లోతైన బాక్సు పానాతో విప్పవలెను. కటింగు ప్లయరుతో పట్టినచో తల చితికి లోపలి భాగము విరుగును.

క్రొత్తదానిని కొనునపుడు పాతదానిని వెంట గొనిపోయి మరచుట్లను పోల్చి చూడవలెను. పలు ఇంజనులలో ఇది 1/8 అంగుళపు గొట్టపు మర. మఱికొన్నింటిలో 10, 12 లేక 14 మిల్లీమీటర్ల మర. ఇందొక మోసము కలదు. 1/8 అంగుళపు మరయే బ్రిటిషు పద్ధతిలో అంగుళమునకు 28 చుట్లును, అమెరికా పద్ధతిలో 27 చుట్లును కలిగియుండును. ఒకటి రెండవదానిలో రెండు మూడు చుట్లు సులువుగ ఎక్కును, పిమ్మట బిగియును. బలవంతపెట్టినచో ఇంజను మర చెడును. మొదటి చుట్లు చేతివ్రేళ్లతో సాఫీగ తిరుగనిచో ఆపి, కొలత మఱల చూడవలెను.

కొనవైపు సన్నబడు మర తనంతట తానే చమురును ఆపును. దానిని చివర వఱకు దిగునట్లు బిగింపరాదు, కొన్ని చుట్లు వెలుపల కనబడుట సహజమే. సమానపు లావు గల మరకు రాగి లేక అల్యూమినియము వాషరు కావలెను. పాత వాషరును మఱల వాడరాదు. తెల్లని టేపు చుట్టు అలవాటు పలువురకు కలదు. స్విచ్చికి ఎర్తు ఆ మరచుట్ల ద్వారానే లభించును గావున దట్టముగ చుట్టినచో దీపము వెలుగకపోవచ్చును. తునిగిన టేపు ముక్క చమురు దారికి అడ్డుపడవచ్చును. తప్పనిసరి యైనచో మొదటి రెండు చుట్లు విడిచి, ఒక్క వరుస మాత్రమే చుట్టవలెను. బిగించుట మణికట్టు బలముతోనే గాని భుజబలముతో కాదు. ఫిల్టరు దిమ్మెలు పలు బండ్లలో అల్యూమినియముతో పోసినవి. బలము హెచ్చినచో అవి పగులును.

తీగను తగిలించి, బ్యాటరీ కలిపి, తాళము త్రిప్పగా దీపము వెలుగవలెను. ఇంజను నడిపిన కొన్ని క్షణములలో ఆరవలెను. అయిదు నిమిషములు నడిపి, ఆపి, స్విచ్చి చుట్టును తడి యున్నదేమో వ్రేలితో చూచి, కొలపుల్లతో మట్టము సరిచూడవలెను. మఱునాడు ఒకసారి మఱల చూచిన మంచిది.

లోపము ఇంజనులోనే యున్నచో

గేజి తక్కువ యంకె చూపినచో స్విచ్చి నిజము చెప్పినదన్నమాట. అంతమాత్రమున బేరింగులే అరిగినవని తలపరాదు. చౌకైన కారణములను ముందు వెదకవలెను. నూనె మార్పించి ఎన్నాళ్లైనది? కంపెనీ చెప్పిన చిక్కదనము గల నూనెయేనా? ఫిల్టరు ఆ బండికి తగినదేనా? చాంబరు విప్పి పంపు జాలిని కడిగిరా? ఒత్తిడి హెచ్చినపుడు తెఱచుకొను కవాటము మడ్డితో తెఱచియే యుండిపోయినదా? ఇవి యన్నియు సరిచూచిన తరువాతనే పంపును, పిమ్మట బేరింగులను పరీక్షింపవలెను. ఈ క్రమమును మెకానిక్కునకు చెప్పి, ఒక్కొక్క మెట్టునను గేజి అంకెను చూపుమని కోరుట యజమాని హక్కు.

సంఘములకు మనవి

ట్రాక్టరులలో కూడ ఈ స్విచ్చి, ఈ గేజి ఇట్లే యుండును. పైని చెప్పిన పరీక్షలు వానికిని చెల్లును. కావున ప్రతి సంఘమును ఒక ఒత్తిడి పరీక్షా గేజిని, వేర్వేఱు మరలకు సరిపోవు జోడింపులతో కొని, ఎరువుల గిడ్డంగిలో నుంచి, సభ్యులకు వంతుల చొప్పున ఇచ్చిన బాగుండునని మా అభిప్రాయము. ఒక సభ్యునికి ఏడాదికొకసారి పని పడు సాధనము నూఱుగురు సభ్యులకు నెలకు పలుమారులు పని పడును. తీసికొన్నవారు ఒక పుస్తకమున బండి పేరు, వేడి ఇంజనున చూపిన అంకె, తేదీ వ్రాసియుంచినచో, మఱుసటి యేట అదే బండి అంకె ఎంత తగ్గినదో తెలియును. ఇంజను ముసలితనము ముందుగనే తెలియుటకు ఇంతకు మించిన యుపాయము లేదు.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట మనకు వలదు. వారమున కొకమారు కొలపుల్ల చూచుట, తాళము త్రిప్పినపుడెల్ల దీపము వెలిగి ఆరుట గమనించుట, సందేహము కలిగినపుడు గేజితో కొలుచుట: ఈ మూడును అలవాటైనచో పాత బండి మఱి కొన్నేండ్లు మనకు సేవ చేయును.